వైజాగ్ బీచ్ రోడ్డులో తాజా బీరు: ఒక పాత షుగర్ కెమిస్టు రివ్యూ

గోధుమ బీరు కోసం, బీరు అక్కడే కాచి అక్కడే పోసే ఈ మైక్రోబ్రూవరీకి వెళ్ళొచ్చు. నన్నడిగితే వెళ్ళి తీరాలి. చల్లగా పులియబెట్టే లాగర్ బాగుంది. ఐపీఏ, అంటే ఇండియా పేల్ ఏల్, చేదు ఇష్టపడేవాళ్ళకి నచ్చుతుంది. నల్ల బీరు, అంటే స్టౌట్, ఇంకా కుదరలేదు. తిండిలో నెత్తళ్ళ వేపుడు తప్పకుండా తినండి, పిజ్జా ఇంకెక్కడైనా తినొచ్చు. శనివారం రాత్రి పాటల హోరులో ఎదుటి మనిషి మాట వినపడదు, కాబట్టి మామూలు రోజు సాయంత్రం ఐదింటికి వెళ్ళండి. తొందరలో ఉన్నవాళ్ళకి ఇంతవరకు చాలు. మిగతాది, తాగుతున్నదేమిటో తెలుసుకుని తాగాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నాను.

నేను అనకాపల్లి వైపు ఒక చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఎంవీపీ కాలనీలో ఉంటున్నాం. చెరుకు రసంలో తీపి ఎంతుందో కొలవడం నా ఉద్యోగం. ఆ కొలతకి మేం వాడేది బ్రిక్స్, బీరు కాచేవాళ్ళు వాడేది ప్లాటో. రెండింటికీ మూలం ఒకటే. 19వ శతాబ్దంలో ప్రాగ్ నగరంలో కార్ల్ బాలింగ్ అనే రసాయన శాస్త్రవేత్త, ద్రవం సాంద్రతను బట్టి అందులో చక్కెర ఎంత శాతం ఉందో చెప్పే పట్టిక తయారు చేశాడు. దాన్ని అడాల్ఫ్ బ్రిక్స్ సరిచేశాడు, ఆ తర్వాత ఫ్రిట్జ్ ప్లాటో మరింత కచ్చితం చేశాడు. చక్కెరవాళ్ళు బ్రిక్స్ పేరు ఉంచుకున్నారు, బీరువాళ్ళు ప్లాటో పేరు ఉంచుకున్నారు. పులుపు ఎంతుందో చెప్పే పీహెచ్ కొలత సంగతీ అంతే. దాన్ని 1909లో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టింది కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ పెట్టిన పరిశోధనాలయంలో. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా చేతిలో ఉన్నవి బీరువాళ్ళ కొలతలేనన్నమాట. అందుకే ఈ విషయం మీద మాట్లాడడానికి నాకు కొంత హక్కు ఉందనుకుంటాను.

మా మేనల్లుడు మధురవాడలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. "సీసా బీరు విసుగొచ్చిందన్నావు కదా మావయ్యా, కాచే చోటే తాగుదువు గాని రా. అత్తని కూడా తీసుకురా, కుటుంబాలు వచ్చే చోటే" అని తీసుకెళ్ళాడు. లోపలికి వెళ్ళగానే కుడి పక్క అద్దం వెనక వరసగా స్టీలు ట్యాంకులు. ఒక్కో ట్యాంకుకి ఒక పలక, దాని మీద బీరు పేరు, ప్లాటో అంకె. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. నేను అద్దానికి ముఖం ఆనించి చూస్తుంటే బీరు కాచే అమ్మాయి బయటికొచ్చి పలకరించింది. బయోటెక్నాలజీ చదివిందట, విజయనగరం పిల్ల.

"గోధుమది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందమ్మా?" అని అడిగాను.

"పన్నెండుతో మొదలైంది సార్, మూడు దగ్గర ఆగింది. మీరు కూడా బ్రూవింగేనా?"

"కాదమ్మా, చక్కెర."

పులిసేటప్పుడు తగ్గిన చక్కెర ఆల్కహాలుగా, గ్యాసుగా మారుతుంది. పన్నెండు ప్లాటోతో మొదలై మూడు దగ్గర ఆగిందంటే ఆల్కహాలు 5 శాతానికి కాస్త తక్కువ ఉంటుంది. లెక్క సరిపోయింది. నీళ్ళ గురించి కూడా అడిగాను. ఆర్వోలో వడకట్టి, తర్వాత ఏ బీరుకి కావలసిన లవణాలు ఆ బీరుకి తూకం వేసి కలుపుతారట. అది సరైన పద్ధతి. ఇంగ్లండులో బర్టన్ ఊరి నీళ్ళలో జిప్సం అనే లవణం ఎక్కువ, అందుకే అక్కడ చేదు బీర్లు అంత బాగా కుదిరాయి. చెక్ దేశంలో పిల్సెన్ నీళ్ళలో లవణాలు దాదాపు ఉండవు, అందుకే అక్కడి లాగర్ అంత మెత్తగా ఉంటుంది. ఒకప్పుడు ఊరి నీళ్ళు ఎలా ఉంటే ఆ ఊరి బీరు అలా ఉండేది. ఇప్పుడు వైజాగ్‌లో కూర్చుని ఏ ఊరి నీళ్ళైనా తయారు చేసుకోవచ్చు.

మాల్ట్ అంటే ఏదో విదేశీ సరుకు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. రాగి మాల్ట్ తాగి పెరిగిన మనకి అది కొత్తేమీ కాదు. రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తాం. ఆ పిండితో కాచిన జావ మామూలు రాగి జావ కంటే పల్చగా, కాస్త తియ్యగా ఉంటుంది. ఎందుకంటే గింజ మొలకెత్తేటప్పుడు దాని లోపల ఎంజైములు తయారవుతాయి. అవి గింజలోని పిండిని చక్కెరగా విడగొడతాయి. బీరులో మొదటి సగం పని ఇదే. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, ముతకగా నలిపి, సుమారు 65 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచుతారు. తీపంతా నీళ్ళలోకి దిగుతుంది. ఆ రసాన్ని హాప్స్ అనే పువ్వులు వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి, పులియబెట్టే సూక్ష్మజీవి అయిన ఈస్ట్ కలుపుతారు. చేదు, నిల్వ ఉండే గుణం హాప్స్ వల్ల వస్తాయి. ఆల్కహాలు, గ్యాసు ఈస్ట్ వల్ల వస్తాయి.

ఇక గోధుమ బీరు. పొడుగు గ్లాసులో మసకగా, లేత పసుపు రంగులో వచ్చింది. పైన రెండు వేళ్ళ మందాన తెల్లటి నురగ. ముక్కు దగ్గర పెట్టుకోగానే బాగా మగ్గిన చక్కెరకేళి అరటిపండు వాసన, దాని వెనకే లవంగం. మా వాడు ఒక గుక్క తాగి "ఎసెన్స్ కలిపారేమో మావయ్యా" అన్నాడు. ఏమీ కలపలేదు. జర్మనీలోని బవేరియా గోధుమ బీరుకి వాడే ఈస్ట్ జాతి గుణం అది. అరటిపండు వాసనకి కారణమైన ఐసోఎమైల్ ఎసిటేట్‌నే ఆ ఈస్ట్ కూడా తయారు చేస్తుంది. లవంగం వాసన 4-వినైల్ గ్వాయకాల్ అనే పదార్థానిది. ఈ రెండింటి మధ్య తూకం కుదరడం కష్టం. పులిసేటప్పుడు వేడి పెరిగితే అరటిపండు మితిమీరి మిఠాయిలా అయిపోతుంది. చల్లబడితే లవంగం పైకొచ్చి మందు సీసా వాసన వేస్తుంది. వీళ్ళు 20 డిగ్రీల దగ్గర పట్టి ఉంచారు. నాలిక మీద పల్చగా, కొంచెం పుల్లగా, గొంతు దిగాక గోధుమ రొట్టె రుచి మిగిల్చి పోతుంది. ఎండన పడి వచ్చినవాడికి ఇంతకంటే మంచి గ్లాసు ఈ ఊళ్ళో నేను తాగలేదు.

ఈ బీరు వెనక పెద్ద కథ ఉంది. 1516లో బవేరియా ప్రభువులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేమీ వాడకూడదని శాసనం చేశారు. అందులో ఈస్ట్ మాటే లేదు, ఎందుకంటే ఈస్ట్ అనే జీవి ఒకటుందని అప్పటికి ఎవరికీ తెలియదు. గోధుమ రొట్టెలకి మిగలాలి కాబట్టి బీరులోకి రానివ్వలేదు. కానీ గోధుమ బీరు కాచే హక్కు కొందరికి ప్రత్యేకంగా ఇచ్చారు, 17వ శతాబ్దం మొదట్లో ఆ హక్కును పాలక కుటుంబమే తన చేతిలోకి తీసుకుంది. సామాన్యుడికి కూడదన్న గోధుమతో ప్రభువుల ఖజానాకి ఆదాయం వచ్చింది. ఆ బీరు మనం ఈరోజు నాలుగొందల పైచిలుకు రూపాయలకి అర లీటరు తాగుతున్నాం.

అర లీటరు అంటే అర లీటరే. గ్లాసు మీద గీత ఉంది, బీరు గీత దాకా పోసి నురగ దాని పైన వచ్చేలా ఇచ్చారు. నురగతో గ్లాసు నింపి డబ్బు పూర్తిగా తీసుకునే బార్లు మనకి తెలుసు. ఈ తగాదా దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటిది. బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం 108వ అంశం దీని గురించే. పానశాల నడిపే స్త్రీ ధాన్యం విలువకి తగినంత బీరు పోయకుండా తక్కువ ఇచ్చి, అది రుజువైతే ఆమెను నీళ్ళలో పడేయాలని ఉంది. అంత శిక్ష ఎవరూ కోరరు. కానీ మోసం లేని కొలత కోసం మనిషి అప్పటినించీ పట్టుబడుతున్నాడు.

ఆ శాసనం స్త్రీని ఉద్దేశించి ఉండడం నాకు చాలా ఇష్టమైన సంగతి. బాబిలోన్ ఉన్న మెసొపొటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో, బీరు కాచడం, అమ్మడం చాలావరకు ఆడవాళ్ళ పని. సుమేరియన్ల బీరు దేవత నిన్‌కాసి. ఆమె మీద క్రీస్తుపూర్వం 1800 ప్రాంతంలో మట్టి పలకల మీద రాసుకున్న స్తోత్రం దొరికింది. స్తోత్రమే అయినా అందులో గింజలు నానబెట్టడం దగ్గర్నించి బీరు వడపోసి పోయడం దాకా తయారీ వరస అంతా ఉంది. ఆ కాలపు ముద్రికల మీద ఇద్దరు మనుషులు ఎదురెదురుగా కూర్చుని ఒకే కుండలోకి పొడవాటి గొట్టాలు పెట్టుకుని తాగుతున్న బొమ్మలుంటాయి. పైన పొట్టు తేలుతుంది కాబట్టి గొట్టం. ఒకే కుండ కాబట్టి ఒంటరిగా తాగే పని లేదు. ఇరాన్‌లో గోదిన్ తెపె అనే చోట ఐదు వేల ఏళ్ళ పైబడిన కుండ లోపల క్యాల్షియం ఆక్సలేట్ పొర దొరికింది. బార్లీ బీరు నిల్వ ఉన్న పాత్రలో పేరుకునేది అదే. కుండ గోకి, పరీక్ష పెట్టి, వేల ఏళ్ళ కిందటి మనిషి ఏం తాగాడో చెప్పగలిగారంటే కెమిస్టుగా నాకు గర్వంగా ఉంటుంది.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. బీరు పాలలాంటి సరుకు. ఎంత తాజాగా ఉంటే అంత బాగుంటుంది. ఈ సంగతి కల్లు తాగినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మా చిన్నప్పుడు భీమిలి అవతల మా తాతగారి ఊళ్ళో తెల్లవారుజామునే గీత కార్మికుడు మోకు వేసుకుని తాడిచెట్టు ఎక్కి లొట్టి దించేవాడు. పొద్దున్నే దించిన కల్లు తియ్యగా, చురుక్కుమంటూ ఉండేది. మధ్యాహ్నానికి పులుపెక్కేది. సాయంత్రానికి దాని ఘాటు వేరు. మర్నాటికి వెనిగర్ దారి పట్టేది. లొట్టికి లోపల సున్నం పూస్తే అసలు పులియదు, అది నీరా. పాడేరు, అరకు వైపు చలికాలంలో వచ్చే జీలుగు కల్లు సంగతి కూడా ఇదే. చెట్టు కింద తాగినదానికీ, క్యానులో వైజాగ్ దాకా వచ్చినదానికీ పోలికే ఉండదు. ఒకే సరుకు పూటపూటకీ ఎలా మారుతుందో పెద్దవాళ్ళు నాలికతో చెప్పేవాళ్ళు. ఏ చెట్టుదో కూడా చెప్పేవాళ్ళు.

బీరుకి అంత తొందర లేదు గాని దానికీ వయసుంది. లూయీ పాశ్చర్ 1876లో బీరు మీద పెద్ద గ్రంథం వేశాడు, బీరు చెడిపోవడానికి కారణం సూక్ష్మజీవులని చూపించాడు. 1883లో కార్ల్స్‌బర్గ్‌లోనే ఎమిల్ హాన్సెన్ ఒకే ఒక్క ఈస్ట్ కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచాడు. ఆ తర్వాతే ఈ ఏడాది బీరు, వచ్చే ఏడాది బీరు ఒకే రుచితో రావడం సాధ్యమైంది. సీసా బీరును వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపుతారు, అందుకే నెలల తరబడి నిలుస్తుంది. కానీ ఆక్సిజన్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మన పక్కనే రణస్థలం దగ్గర పెద్ద బ్రూవరీ ఉంది, సీసా ఎక్కడో ఉత్తరాది నుంచే రావాలని లేదు. అయినా షాపులో మే నెల ఎండకి ఉడికితే దూరం తక్కువై లాభం లేదు. ఊళ్ళో ఒక షాపులో నేను కొన్న సీసా మూత తియ్యగానే తడిసిన అట్టపెట్టె వాసన వేసింది. పాతబడిన బీరు గుర్తు అదే. ఎండ తగిలిన బీరుకి ఇంకో చెడ్డ వాసన వస్తుంది. వెలుతురు పడితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి గంధకం ఉన్న కుళ్ళు వాసన పుడుతుంది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా ఆపలేదు. కొనేటప్పుడు బ్రాండు కంటే ముందు తేదీ చూడండి, ఫ్రిజ్‌లోంచి తీసివ్వమనండి.

ఈ బ్రూవరీలో ట్యాంకుకీ గ్లాసుకీ మధ్య ఉన్నది కొన్ని అడుగుల పైపు. మైక్రోబ్రూవరీకి మనం ఇచ్చే ఎక్కువ డబ్బు దీనికోసమే. పైపులు రెండు వారాలకోసారి కడుగుతారా అని అడిగాను, వారానికోసారి అంది ఆ అమ్మాయి. గ్లాసు ఖాళీ అవుతుంటే లోపలి గోడల మీద గుక్కకొక నురగ వలయం మిగిలింది. గ్లాసుకి జిడ్డు, సబ్బు లేవనడానికి అదే సాక్ష్యం.

లాగర్ గురించి క్లుప్తంగా. బంగారు రంగులో అద్దంలా ఉంది, చేదు తక్కువ, ముగింపు శుభ్రం. ఈ రకానికి మూలం 1842లో పిల్సెన్‌లో యోసెఫ్ గ్రోల్ కాచిన బీరు. లాగర్ చల్లగా పులియాలి, చల్లగా వారాల తరబడి పడుకోవాలి. 1553లో బవేరియాలో ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ చివరి దాకా బీరు కాచడమే నిషేధించారు, ఎండాకాలం బీరు పాడవుతుందని. 1870ల్లో కార్ల్ ఫాన్ లిండే చల్లబరిచే యంత్రం మ్యూనిక్ బ్రూవరీలోకి వచ్చాక ఆ బెంగ తీరింది. అలాంటి యంత్రమే లేకపోతే ఉక్కపోతకి పేరుపడ్డ మన ఊళ్ళో లాగర్ అన్న మాటే ఉండేది కాదు.

ఐపీఏకి మన దేశం పేరుంది. లండన్‌లో హాడ్జ్‌సన్ బ్రూవరీ 18వ శతాబ్దం చివర్లోనే ఓడల మీద ఇండియాకి బీరు పంపేది. నెలల తరబడి సముద్ర ప్రయాణం తట్టుకోవడానికి హాప్స్ దండిగా వేసేవాళ్ళు. వీళ్ళ ఐపీఏలో నారింజ తొక్క వాసన బాగుంది, చేదు మాత్రం గొంతులో చాలాసేపు నిలిచిపోతుంది. మా వాడికి నచ్చింది, నాకు సగం గ్లాసు చాలనిపించింది.

స్టౌట్ దగ్గరే తేడా వచ్చింది. రంగు బాగుంది, నురగ గోధుమ రంగులో దట్టంగా ఉంది. కానీ మాడు రుచి. స్టౌట్‌లో వేయించిన బార్లీ వేస్తారు, అది కాఫీ గింజ రుచి దగ్గర ఆగాలి. ఇది ఆ గీత దాటి బూడిద దాకా వెళ్ళింది. దానికి తోడు లాగర్ అంత చల్లగా ఇచ్చారు. అంత చల్లదనంలో చాక్లెట్, కాఫీ వాసనలు బయటికి రావు, మాడు ఒక్కటే నాలికకి తెలుస్తుంది. పావుగంట బల్ల మీద వదిలేసి తాగితే కాస్త మెరుగైంది. వేయించిన బార్లీ తగ్గించి, పది పన్నెండు డిగ్రీల దగ్గర పోస్తే ఇది మంచి బీరవుతుంది. ఇదే మాట వాళ్ళకీ చెప్పాను. ఆ అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇక కూర్చునే చోటు. పానశాల ఎలా ఉండాలో కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పాడు. సురాధ్యక్షుడనే అధికారిని పెట్టి, పానాగారాల్లో అనేక గదులుండాలని, వేరువేరుగా కూర్చునే, పడుకునే ఏర్పాట్లుండాలని, పరిమళాలు, పూలు, నీళ్ళు ఉండాలని, ఏ రుతువులోనైనా సుఖంగా ఉండాలని రాశాడు. మేదకం అనే బియ్యం పానీయానికి నీళ్ళెంత, బియ్యమెంత, పులియబెట్టే కిణ్వమెంత అన్న కొలతలు కూడా ఇచ్చాడు. ఆ లెక్కన చూస్తే ఈ బ్రూవరీకి గదులకి మంచి మార్కులు పడతాయి. సముద్రం వైపు బాల్కనీ, లోపల కుటుంబాలకి విడిగా భాగం, మధ్యలో కుర్రాళ్ళకి పొడుగు బల్లలు. రుతువు విషయంలోనూ బాగుంది. బాల్కనీలో గాలి, లోపల ఏసీ. నీళ్ళ దగ్గర మాత్రం తక్కువ పడింది. అడిగితే సీసా నీళ్ళు అమ్ముతారు, గ్లాసు నీళ్ళు ఎవరూ పెట్టరు. బీరు తాగే మనిషికి నీళ్ళు అడగకుండానే పెట్టాలి. ఒక్కో బీరుకి మధ్య నాలిక కడుక్కోవాలన్నా, ఒంట్లో నీరు తగ్గకుండా ఉండాలన్నా అదే దారి.

పాటల గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఏడున్నర తర్వాత స్పీకర్లు పెంచేశారు. మా బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. ఒకే కుండలో గొట్టాలు వేసుకుని తాగినవాళ్ళకి, తాటి తోపులో చుట్టూ కూర్చున్నవాళ్ళకి తాగడమంటే మాట్లాడుకోవడం. ఇంత శ్రద్ధగా కాచిన బీరు గురించి నాలుగు మాటలు చెప్పుకునే వీలు లేకుండా చేస్తే ఆ శ్రద్ధ వృథా. కనీసం బాల్కనీలో స్పీకర్ తీసేయండి.

మా ఆవిడ బీరు తాగదు. ఫ్రెష్ లైమ్ సోడా తీసుకుని మాతో మూడు గంటలు హాయిగా కూర్చుంది. ఎవరూ వింతగా చూడలేదు. పక్క బల్ల దగ్గర నలుగురు ఆడపిల్లలు ఆఫీసు కబుర్లు చెప్పుకుంటూ తాగుతున్నారు. ఇంటికి వస్తూ దారిలో మా ఆవిడ "అప్పటి రోజులకీ దీనికీ ఎంత తేడా" అంది. ఆమె ఏ రోజుల గురించి అందో నాకు తెలుసు.

చక్కెర ఫ్యాక్టరీలో మిగిలే మొలాసిస్ నుంచే సారా వచ్చేది. మా క్వార్టర్స్ పక్క లేబర్ కాలనీలో జీతం రోజు రాత్రి ఏడుపులు వినపడేవి. పిల్లల ఫీజులు, బియ్యం డబ్బులు ప్యాకెట్ సారాకి పోయేవి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా దుకాణాన్ని అడ్డుకుంటే రాష్ట్రమంతా కదిలింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధం సడలించారు. ఆ ఆడవాళ్ళ కోపం న్యాయమైనది. తాగుడు సుఖం గురించి రాసే నేను వాళ్ళను మరిచిపోయి రాయలేను. తాగడంలో ఆనందం ఉందంటే అది ఇంట్లో ఒకరి కడుపు కొట్టకుండా ఉన్నప్పుడే. రుచి కోసం, మాట కోసం తాగేవాడికి 5 శాతం బీరు ఒకటిన్నర గ్లాసు సరిపోతుంది. మన బార్లలో స్ట్రాంగ్ పేరుతో 8 శాతం దాకా ఉన్న బీరు ఎక్కువగా అడుగుతారు. త్వరగా ఎక్కాలన్నదే అక్కడ లెక్క. ఈ బ్రూవరీ మెనూలో ఏ బీరుకి ఎంత శాతమో పక్కనే రాసి ఉంది, అన్నీ 6 లోపే. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళకి నా నమస్కారం.

తిండి. నెత్తళ్ళు చిన్నవి, తలకాయలు తీసి, కారం, బియ్యప్పిండి పట్టించి కరకరలాడేలా వేయించారు. కరివేపాకు కూడా కరకరలాడింది. గోధుమ బీరుతో ఇది ఎంత కుదిరిందంటే రెండో ప్లేటు చెప్పాం. ఫిషింగ్ హార్బర్ ఇంత దగ్గర ఉన్న ఊళ్ళో బీరు పక్కన ఉండాల్సింది ఇదే. వంజరం ముక్కలు తాజాగా ఉన్నాయి గాని మసాలా ఎక్కువై చేప రుచి తగ్గింది. ఉడకబెట్టిన వేరుశనగకాయలు మెనూలో లేకపోవడం లోటు. బొంగులో చికెన్ పేరుతో ఇచ్చింది వెదురు గొట్టంలో వడ్డించిన మామూలు కూర, నిప్పుల మీద గొట్టంలో ఉడికినది కాదు. దానికోసం అరకు వెళ్ళండి.

ముగ్గురికీ కలిపి బిల్లు మూడు వేల లోపే అయింది. మొదట నాలుగు చిన్న గ్లాసుల ట్రే చెప్పండి, నచ్చింది తర్వాత పెద్దది తీసుకోవచ్చు. బండి తీసుకెళ్ళకండి. బీచ్ రోడ్డులో రాత్రిపూట పోలీసు పరీక్షలుంటాయి, అవి లేకపోయినా తాగి నడపకూడదు. క్యాబులు గేటు దగ్గరే దొరుకుతాయి.

యాజమాన్యానికి రెండు విన్నపాలు. ట్యాంకు పలకల మీద కాచిన తేదీ కూడా రాయండి. అంత తాజా సరుకు పెట్టుకుని ఆ సంగతి దాచుకోవడం దేనికి? రెండోది, మన చోళ్ళతో ఒక బీరు కాయండి. రాగుల్ని ఉత్తరాంధ్రలో చోళ్ళంటాం, ఏజెన్సీలో చోడి అంబలి రోజూ తాగుతారు. సరిహద్దు అవతల కోరాపుట్ కొండల్లో గిరిజనులు బియ్యంతో లంద పులియబెట్టుకుంటారు. గింజతో బీరు కాయడం ఈ కొండలకి పరాయి విద్య కాదు. బార్లీ మాల్ట్‌లో ఐదో వంతు చోడి మాల్ట్ కలిపి, హాప్స్ తగ్గించి చూడమని ఆ అమ్మాయితో అన్నాను. చోళ్ళకి బార్లీలా పొట్టు ఉండదు కాబట్టి వడపోత దగ్గర ఇబ్బంది వస్తుందేమోనంది. వరి ఊక కొంచెం కలిపితే రసం దిగిపోతుందన్నాను. సంక్రాంతి లోపల యాభై లీటర్లు ట్రయల్ వేస్తానంది. పండక్కి మా పిల్లలు వచ్చినప్పుడు అందరం వెళ్తాం, దాని మీద విడిగా రాస్తాను.